పిల్లిగాడి చేతికి తుపాకులు ఇచ్చారు

మా చిన్నప్పుడు... స్టేషన్ ఘన్‌పూర్‌లో, ఎండాకాలం మధ్యాహ్నాలు... కిటికీలు మూసిన అర్రలో కంప్యూటర్ ముందు ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. నేను, మా పెద్దనాయిన బిడ్డ రజితక్క, మా నాయిన తల్లి బాపమ్మ.

రజితక్కది గూడూరు. ఇంటర్ చదవడానికి వచ్చి మా ఇంట్లో ఉండేది. చదువు కోసమని నాయిన కొన్న కంప్యూటర్‌లో ఆమె చదివింది తక్కువ, ఆడింది ఎక్కువ. కానీ ఆ ఒక్క ఆట మాత్రం ఆమెలా ఆడేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

అందులో ఒక గూఢచారి ఉంటాడు. శత్రువుల కోటలోకి దూరి, ఎవరి కంటా పడకుండా పని ముగించుకుని బయటపడాలి. దీపాలు ఆర్పాలి... నీడలో నక్కాలి... కాపలావాడు అటు తిరిగేదాకా గోడకు అతుక్కుని ఆగాలి. దొరికితే మళ్ళీ మొదటికి. మధ్యలో కరెంటు పోయినా మొదటికే!

బాపమ్మ మొదట్లో మా వెనక గడంచె మీద పడుకుని ఊరికే చూసేది. కొన్నాళ్ళకు లేచి కూర్చుంది. ఆ గూఢచారి నడక చూసి వాడికి 'పిల్లిగాడు' అని పేరు కూడా పెట్టింది.

"అగో, గా మూలకు ఒకడు నిలవడ్డడు. జర ఆగు బిడ్డా" అని మాకు దారి చెప్పేది.

ఒకరోజు నేను ఒక కాపలావాణ్ణి వెనక నుంచి పొడవబోతే నా చెయ్యి పట్టుకుంది. "వద్దే... ఆడు గూడ బతకనీకే వచ్చిండు. ఆనికి పిల్లలుండరా? పక్కపొంటి పో."

ఆ రోజు నుంచి మా అర్రలో అదే చట్టం. ఎవర్నీ చంపకుండా ఆడాలి. అది చాలా కష్టం... కానీ ఓపిక పడితే ఆ ఆటలో దానికీ దారి ఉండేది. మొదటి భాగం, రెండో భాగం అట్లాగే పూర్తిచేశాం.

మూడో భాగం కోసం ఎంత ఎదురుచూశామో! జనగామలో ఉండే మా మేనత్త కొడుకు శ్రీను బావ ఆ డిస్కు సంపాదించి తెచ్చాడు. ఆ రోజు బాపమ్మ పెందలాడే తిని, సల్ల గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుంది.

ఆట మొదలవుతూనే ఏదో పేలింది. పొగలోంచి పిల్లిగాడు పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులతో రెండు తుపాకులు పేల్చాడు. నక్కడానికి నీడ లేదు. దీపాలు ఆర్పడం కుదరదు. ఎటు పోవాలో తెర మీద బాణం గుర్తు చూపిస్తోంది. వాడి గొంతు కూడా మారిపోయింది...

"గీడెవడే?" అంది బాపమ్మ.

"మన పిల్లిగాడే బాపమ్మా."

"కాదు. మనోడు గిట్ల లొల్లి చెయ్యడు."

బావ పగలబడి నవ్వాడు. "జమానా మారింది అమ్మమ్మా. ఎంతసేపని నక్కి కూసుంటడు? గిట్లయితే జల్ది అయిపోతది, మజా వస్తది."

రజితక్క ముఖం ఎర్రబడింది. "మజా నీకు. నేను పాత తీరుగనే ఆడుత, సూస్తుండు."

ఆ సెలవులన్నీ ఆడింది. చేతిలో తుపాకులున్నా ఒక్కసారీ పేల్చలేదు. బల్లల కింద పాకింది, బాణం ఎటు చూపిస్తే దానికి ఎదురు పోయింది. ఆమె ఓడిపోతే చూద్దామని వచ్చిన బావ, కొన్నాళ్ళకు "రజితా, ఎడమకు... ఎడమకు" అని తనే గుసగుసలాడడం మొదలుపెట్టాడు.

చివరి తలుపు దగ్గరికి చేరాం. ముందు ఇద్దరు కాపలావాళ్ళు. వాళ్ళు చస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. అన్ని రకాలుగా ప్రయత్నించింది. నెట్ సెంటర్‌కు పోయి వెతికింది. ఎక్కడెక్కడి వాళ్ళో అదే మాట రాసి మొత్తుకుంటున్నారట... వేరే దారి లేదు. 'ఆటే కదా, అంత ఏడుపెందుకు' అని వాళ్ళను ఎక్కిరించేవాళ్ళూ ఉన్నారట.

"ఒక్కొక్కనికి ఒక్క గోలీ. గంతే, అయిపోతది" అన్నాడు బావ.

రజితక్క వెనక్కి తిరిగి బాపమ్మను చూసింది.

"నన్ను సూస్తవేందే? ఆడేది నువ్వు" అంది బాపమ్మ.

అక్క మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. "చంపితేనే తలుపు తెరుస్తరా? అయితే గా తలుపు నాకొద్దు."

"గింత కష్టపడి గిక్కడ ఆపుతవా? ముగింపు సూడవా?" అన్నాడు బావ.

"సూడ."

కంప్యూటర్ ఆపేసింది. మర్నాడు మధ్యాహ్నం మొదటి భాగం పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. బావ కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు... బాపమ్మ ఎప్పట్లాగే కాపలావాళ్ళను చూపిస్తూనే ఉంది. మూడో భాగం ముగింపు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోను కూడా!

ఒక ఆట కోసం అంత పంతమా అని ఇప్పుడూ అడుగుతారు. అవును, అంత పంతమే. ఆగడం, చూడడం, ఒకరి ప్రాణం తీయకుండా దాటిపోవడం నేర్పిన ఆట అది. అందులోంచి అదే తీసేస్తే మేమెందుకు చప్పట్లు కొట్టాలి?

రజితక్క ఇప్పుడు భూపాలపల్లిలో దవాఖాన ల్యాబ్‌లో పనిచేస్తోంది. మొన్న ఇంకో కొత్త భాగం వచ్చిందని ఫోన్ చేశాను.

"మళ్ళ గదే ధనాధన్ అట. నేను కొన" అంది. మా ఇద్దరికీ నవ్వాగలేదు.

అప్పుడు కొత్తది నచ్చకపోతే పాత డిస్కు పెట్టుకునేవాళ్ళం... ఇప్పుడు ఫోన్‌లో రాత్రికి రాత్రే ఆట మారిపోతుంది. పొద్దున లేచేసరికి పాతది ఉండదు. మనల్ని ఎవరూ అడగరు కూడా...

మీరు ప్రాణంగా ప్రేమించినదాన్ని ఇట్లా పాడుచేస్తే మీరేం చేశారు? రాయండి, చదువుతాను... సర్దుకుపోయాం అని మాత్రం చెప్పకండి.