అక్క వయసు తేల్చిన అమలాపురం ప్రయాణం

2007 జనవరి 24, బుధవారం. ప్రయాణంలో ఉన్నవారు: కాలవ లాకుల మీద పనిచేసి రిటైరైన నేను, డెబ్బై నాలుగేళ్ళు, మా అక్క మంగాయమ్మ. అక్క వయసు ఇక్కడ రాయలేదు. వెళ్ళింది అది తేల్చుకోవడానికే.

హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకులు అమలాపురంలో రెండు రోజుల శిబిరం పెట్టారు. కొందరికి ముసలితనం ఎందుకు ఆలస్యంగా వస్తుంది, దాన్ని వెనక్కి తిప్పే దారి ఉందా అన్నది వారు చూస్తున్న పని. తొంభై దాటి, తమ కాళ్ళ మీద నడిచి రాగలవారి రక్తం కావాలన్నారు. పరగడుపున రావాలి, వయసుకు దొరికిన ఆధారాలన్నీ తేవాలి. ఈ కబురు విన్నప్పటి నుంచి అక్క వీధంతా చెప్పుకుంది. మా అమ్మ నలభై చూడకుండానే పోయింది. నన్ను పెంచింది అక్కే. అదే తల్లి కడుపున పుట్టిన తన రక్తం శాస్త్రానికి పనికొస్తుందంటే ఆవిడకి అది చిన్న మాట కాదు.

ఉదయం 6.20కి ఆటోలో రాజోలు చేరాం. 6.50కి బస్సు కదిలింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు వెనక చక్రాల మీది సీటు తీసుకోకండి, నడుం విరుగుతుంది. తాటిపాకలో బస్సు పది నిమిషాలు ఆగింది. పక్క సీటులోని ఆవిడ కొబ్బరి బొండం అందించబోయింది.

"ఒద్దమ్మా, రక్తం ఇచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టకూడదంట."

"రక్తం తీసుకునేది మీ దగ్గరాండీ మామ్మగారూ! మాకే లేదు."

"ఆయ్, తొంభై మూడేళ్ళ రక్తమే కావాలన్నారు మరి" అంది అక్క, బస్సంతా వినేలా. అప్పుడు నా సంచీ వైపు చూసింది. "ఆ డైరీ ఎందుకు తెచ్చేవురా?"

"ఆధారాలన్నీ తెమ్మన్నారు కదక్కా."

వైనతేయ గోదావరి వంతెన దాటేదాకా అక్క కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

డైరీ సంగతి చెప్పాలి. మా ఇంట్లో బిడ్డ పుడితే పెరట్లో కొబ్బరి మొక్క నాటేవారు. అక్క చెట్టు 1996 తుఫానులో పడిపోయింది. మట్ట రాలిన చోటల్లా మాను మీద ఒక గీత మిగులుతుంది, ఏడాదికి సుమారు పన్నెండు. రెండు రోజులు కూర్చుని ఆ గీతలన్నీ లెక్కపెట్టి రాసుకున్నాను. మొదట్లో మాను కట్టని ఏళ్ళు కలిపితే పడేనాటికి చెట్టుకి డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఆ తర్వాతి పదేళ్ళూ కలిపితే ఇప్పుడు అక్కకి ఎనభై ఎనిమిది. నేను పుట్టేనాటికి తనకి పద్నాలుగని అక్కే ఎన్నోసార్లు చెప్పింది. ఆ లెక్కా ఇక్కడికే వస్తుంది. ఓటరు కార్డులో తొంభై మూడు పడింది మాత్రం, రాసినతను ముఖం చూసి వేసినందువల్ల.

8.15కి దిగి, రిక్షాలో శిబిరానికి వెళ్ళాం. రక్తం తీశారు, నడిపించి చూశారు. తర్వాత డాక్టరు వసుధ గారు చేతి పట్టు కొలిచే పరికరం ఇచ్చి నొక్కమన్నారు. డెబ్బై ఏళ్ళుగా కొబ్బరి పీచు పేనుతున్న చేతులవి. ముల్లు ఎక్కడికో వెళ్ళింది. పరికరం పాడైందేమోనని మళ్ళీ నొక్కించారు.

"ఇది విరిగితే నన్ననకండి తల్లీ" అంది అక్క.

ముల్లు అక్కడికే వెళ్ళింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు కార్డు చూసి 'తొంభై మూడు' అని రాయబోయారు. అక్క ముఖం అంత వెలిగిపోగా నేనెన్నడూ చూడలేదు. సంచీలో చెయ్యి పెట్టి కొంతసేపు అలాగే ఉంచాను. చివరికి డైరీ తీసి ఇచ్చాను.

డాక్టరు గారు ఆ పుటలు రెండుసార్లు చదివారు. "అటూ ఇటూ ఏడాది తేడా ఉండొచ్చు గానీ, ఎనభై ఎనిమిదే నమ్మాలండి. కాగితం మీద పెరిగిన వయసులే మా పనిని పాడుచేస్తాయి. లేని వింత కోసం ఏళ్ళ తరబడి వెతుకుతాం. మీరు చెట్టు మీద లెక్కపెట్టినట్టే, మనిషి కణంలో వయసు గుర్తులు లెక్కపెట్టాలని చూస్తున్నాం మేం. కానీ అమ్మా, తొంభై నిండనివారిని ఈ జాబితాలో చేర్చలేను."

అక్క తల వంచుకుని అరచేతులు చూసుకుంది. "నా రక్తంతో ముసలాళ్ళు పడుచువాళ్ళయిపోతారనుకున్నానమ్మా."

"అంత దూరం ఇంకా ఎవరూ వెళ్ళలేదు. ముసలివాళ్ళని మంచం పట్టకుండా ఇంకో నాలుగేళ్ళు తిరగనిచ్చినా చాలు."

"ఎన్నేళ్ళు తక్కువైనాయండి నాకు?"

"రెండు."

"అయితే రెండేళ్ళాగి వస్తాను. మీరుంటారా?"

డాక్టరు గారు నవ్వేసి, విడిగా ఒక పుస్తకంలో అక్క పేరు, ఊరు రాసుకున్నారు. డైరీ పుటలకి నకళ్ళు తీయించుకున్నారు.

బస్టాండు దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లం పచ్చడి బాగుంది. అక్క రెండట్లు తింది, నా వైపు వీపు తిప్పి. 12.40 బస్సు ఎక్కాం. తాటిపాక దాటాక అడిగింది: "ఆ డైరీ ఇవ్వకపోతే ఏమయ్యేది?"

"చేర్చుకునేవారు."

"మరి ఇచ్చేవేం?"

"నీ చేతి బలం నిజం కదక్కా. దాని పక్కన అబద్ధం రాయించడం నాకిష్టం లేకపోయింది."

 రాజోలులో దిగేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకోలేదు, సంచీ మాత్రం తనే మోసింది. యాభై ఏళ్ళు డైరీలు రాశాను, ఒక పుట ఎవరికైనా పనికొచ్చిందని తెలిసింది ఆ రోజే. అయినా గర్వమంతా ముందు నడుస్తున్న ఆ మనిషిని చూసి.

మర్నాడు ఉదయం ఆరింటికి అరుగు మీద పీచు పేనుతూ కనిపించింది. ఏం తేల్చేరని అడగడానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"చేర్చుకోలేదమ్మా" అంది అక్క, పీచు మీంచి చెయ్యి తీయకుండా. "నేనింకా చిన్నదాన్నంట. ఆ డాక్టర్లు ఎన్నాళ్ళుగా తంటాలు పడుతున్నారో గానీ, మా తమ్ముడు ఒక్క పూటలో నాకు అయిదేళ్ళు తగ్గించి తీసుకొచ్చేడు."