జీబీఎస్ తర్వాత కొండ చుట్టి వచ్చాను

ఆ రోజు మధ్యాహ్నం జాకెట్‌కి చేతులు కలుపుతుంటే మిషన్ నాకు షాక్ కొట్టింది. గట్టిగా కాదు. పెడల్ మీద పెట్టిన కుడి అరికాలు సన్నగా జిల్లుమంది. కాలు తీసి కాసేపాగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ జిల్లుమంది. ఎడమ కాలు పెట్టి చూశాను. అదీ అంతే.

నా పేరు రజియా. జగ్గయ్యపేటలో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. కుట్టు మంచిదని, నోరు మాత్రం మంచిది కాదని మా బజార్లో నాకు పేరు. రెండూ నిజమే. మా ఆయన పేరు మస్తాన్, జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ట్రాలీ ఆటో నడుపుతారు. అవి పెళ్ళిళ్ళ రోజులు. ఒప్పుకున్న జాకెట్లు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. మిషన్‌కి మోటార్ పెట్టించి ఏడాది కూడా కాలేదు. టైలర్ కాలికి ఏదైనా అయితే మొదట అనుమానించేది మిషన్‌నే. వెంటనే మా వీధి ఎలక్ట్రీషియన్ శ్రీనుని పిలిపించాను.

శ్రీను టెస్టర్ పెట్టి అంతా చూశాడు. "ఎక్కడా లీకేజీ లేదక్కా" అన్నాడు.

"అయితే నా కాలు అబద్ధం చెప్తోందా? నీకు పని రాదని చెప్పు."

పాపం, పెడల్ వైరు మార్చాడు, ఎర్తింగ్ కూడా మళ్ళీ వేశాడు. నేను కాళ్ళ కింద రబ్బరు మ్యాట్ వేసుకున్నాను. మర్నాడూ జిల్లుమనడం ఆగలేదు. అతన్ని మళ్ళీ పిలిపించి మళ్ళీ తిట్టాను. మూడో రోజు కుడుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మిషన్ ఆగింది. నా కాళ్ళు మాత్రం జిల్లుమంటూనే ఉన్నాయి. తేడా మిషన్‌లో కాదు, నాలోనే ఉందని అప్పుడు అర్థమైంది.

అప్పుడైనా బుద్ధిగా డాక్టర్ దగ్గరికి వెళ్ళానా? లేదు. బలానికి రెండు మాత్రలు వేసుకుని, కరెంటు వచ్చాక మిగిలిన జాకెట్లు కూడా కుట్టేశాను. సాయంత్రం షాపు మూసి వెళ్తుంటే మా ఆయన వెనక నుంచి, "ఒక కాలికే చెప్పుందేంటి?" అన్నారు. రెండో చెప్పు షాపు మెట్టు మీదే ఉండిపోయింది. నాకు తెలియనే లేదు. మర్నాడు తెల్లవారుజామున నమాజులో నుదురు నేలకి ఆనించి సజ్దా చేసి తల ఎత్తాను, లేవలేకపోయాను. మోకాళ్ళ నుంచి కింద కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి.

మా ఆయన ఎత్తుకెళ్తే మా ఊరి డాక్టరు గారు చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండోదీ కదల్లేదు.

"ఈ మధ్య జ్వరం గానీ విరేచనాలు గానీ అయ్యాయా?"

"రెండు వారాల కింద అయ్యాయండి. తగ్గిపోయాయి."

"రిఫ్లెక్సెస్ లేవమ్మా. విజయవాడలో న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరండి. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకునే పని కూడా పెట్టుకోవద్దు. కాళ్ళలో మొదలైన తిమ్మిరి ఇలా పైకి ఎక్కుతుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు."

విజయవాడలో నెర్వ్ కండక్షన్ స్టడీ అన్నారు. కాళ్ళకి తీగలు అంటించి నిజంగానే చిన్న చిన్న షాకులిచ్చారు. వాటిలో సగం నాకు తెలియనే లేదు. అప్పుడు శ్రీను గుర్తొచ్చి సిగ్గేసింది. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. న్యూరాలజిస్ట్ గారు మంచం పక్కన నిలబడి నిదానంగా చెప్పారు.

"దీన్ని గిలియన్ బారే సిండ్రోమ్ అంటారమ్మా. జీబీఎస్. మీ ఇమ్యూనిటీయే మీ నరాల మీద దాడి చేస్తోంది. ఐవీఐజీ ఇంజెక్షన్లు ఐదు రోజులిస్తాం. అయితే ఇది ఎక్కడిదాకా ఎక్కి ఆగుతుందో ఇప్పుడు చెప్పలేం. ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు."

మా ఆయన "నడుస్తుందా అండి?" అని ఒక్క మాటే అడిగారు.

"చాలామంది నడుస్తారు. టైం పడుతుంది."

ఐసీయూలో గంటగంటకీ నర్సు వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేది. మొదటి రోజు ఇరవై ఎనిమిది దాకా వెళ్ళాను. రెండో రోజుకి పదిహేడు. మూడో రోజు పన్నెండు దగ్గర గొంతు ఆగిపోయింది. ట్యూబు వేసే సామాను ట్రేలో తెచ్చి నా మంచం పక్కనే పెట్టారు. అంత భయం నా జన్మలో పడలేదు. నాలుగో రోజు పన్నెండే. ఐదో రోజు పధ్నాలుగు. ఆ పధ్నాలుగు విని నర్సు ట్రే తీసుకెళ్ళిపోయింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ప్రాణం మిగిలింది గానీ కాళ్ళు రాలేదు. ఇంటికొచ్చాక నాలుగు నెలలు మా ఆయనే నన్ను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూముకీ ఎత్తుకెళ్ళారు. రోజూ బస్తాలు ఎత్తి దించే మనిషి. నన్ను దించేటప్పుడు కూడా, 'హమ్మయ్య' అని గొంతులోనే అనుకునేవారు. ఆయన విసుక్కోలేదు. విసుక్కుంది నేను. నీళ్ళ గ్లాసుకి ఎదురు చూడాలి, తలుపు దగ్గరికి వెళ్ళాలంటే ఎదురు చూడాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. మళ్ళీ నిలబడ్డానంటే ఇంకెవరి చేతా ఎత్తించుకోను అని ఒట్టు పెట్టుకున్నాను.

నందిగామలో శిరీష అని ఫిజియోథెరపిస్ట్ ఉంది. పాతికేళ్ళ పిల్ల, మాట మెత్తన, పని కఠినం. వారానికి ఐదు రోజులు మా ఆయన ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. మొదట గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వాకర్, తర్వాత కర్ర. కుడి పాదం మాత్రం ముందుకు వాలిపోయి నేలకి గీసుకునేది. ఫుట్ డ్రాప్ అంటారు. దానికి ప్లాస్టిక్ స్ప్లింట్ కొనిచ్చారు. అది మడమ దగ్గర ఒరుసుకుని బొబ్బ లేచింది. అరికాలికి స్పర్శ లేదు కదా, నాకు తెలియలేదు. మేజోడుకి రక్తం అంటితే చూశాం. పుండు మానేదాకా మూడు వారాలు మళ్ళీ మంచమే. ఆ మూడు వారాలు ఐసీయూ కంటే కష్టంగా గడిచాయి. వచ్చిన నడక కూడా పోతుందేమోనని ఏడవని రోజు లేదు.

పుండు మానాక ఆ స్ప్లింట్ ముట్టుకోబుద్ధి కాలేదు. మిషన్‌కి మోటార్ తీయించేసి, చక్రం చేత్తో తిప్పుకుంటూ నేనే ఒకటి కుట్టుకున్నాను. మోకాలి కింద మెత్తటి గుడ్డ పట్టీ, దాన్నుంచి కిందికి బ్యాగు బెల్టూ వెడల్పాటి ఎలాస్టిక్కూ, చివర బూటు లేసుకి తగిలించే హుక్కు. కాలెత్తితే పాదం తనే లేస్తుంది. శిరీష నన్ను అటూ ఇటూ నడిపించి, ఒరుసుకునే చోట్లన్నీ వేలితో తడిమి చూసింది.

"ఇది ఎవరు నేర్పారక్కా మీకు?"

"ఒకరు నేర్పేదేంటమ్మా? ఇన్నేళ్ళు ఎవరి జాకెట్ ఎక్కడ పట్టేస్తుందో చూసి కుట్టినదాన్ని. నా కాలు ఎక్కడ వాలుతుందో నాకు తెలీదా?"

జబ్బు మొదలైన ఏడాదిన్నరకి, వానలు వెనకబట్టాక, శిరీష ఒక మాట అంది. నందిగామ నుంచి వాళ్ళ నడక స్నేహితులు పదిమంది ఆదివారం మైలవరం అవతల కొండల్లోకి వెళ్తున్నారట. అడవిలోంచి లోయలోకి దిగి, వాగు దాటి, కొండ అంచున తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే దారి. తొమ్మిది కిలోమీటర్లు. "మరీ కష్టం కాదు, అలాగని తేలికా కాదు. మీరు అన్నీ కలిపి రోజుకి ఆరు నడుస్తున్నారు కదా. మెల్లగా వెళ్దాం, నేను పక్కనే ఉంటా" అంది.

"పిచ్చెక్కిందా? అడవిలో పడితే ఆటో కూడా రాదు" అన్నారు మా ఆయన.

"అందుకే వెళ్తున్నా" అన్నాను.

"అయితే నేనూ వస్తున్నా."

పొద్దున్నే ఫారెస్ట్ వాచర్ ముందు నడిచాడు, అందరం వెనక. తునికి చెట్లు, వెదురు పొదలు, నేలంతా ఎండుటాకులు. అరికాళ్ళకి నేల తెలియదు కాబట్టి నేను కిందికి చూస్తూనే నడవాలి. చూపు రాయి మీద, కాలు రాయి మీద. రెండు కిలోమీటర్లయ్యాక శిరీష ఆపింది. "అక్కా, ఇంతదూరం వచ్చి మీరు చూసింది మీ బూట్లే. ఆగండి. తలెత్తండి."

తలెత్తాను. మా ముందు రెండు కొండలు దగ్గరికొచ్చి మధ్యలో సన్నటి సందు వదిలాయి. ఎర్రటి రాతిగోడల మీద చెమ్మ మెరుస్తోంది. ఎక్కడో కింద నీళ్ళ చప్పుడు, పైన నెమలి అరుపు. నాలుగు నెలలు ఇంటి పైకప్పు చూసిన కళ్ళతో ఇది చూస్తున్నాను. నోటమ్మట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం చూసి మా ఆయన నవ్వారు. అక్కణ్ణుంచి ప్రతి వంద అడుగులకీ ఆగి తలెత్తడం పెట్టుకున్నాను.

లోయలోకి దిగే రాతి మెట్లు పెద్దవి. కర్ర ముందు వేసి, ఎడమ కాలు దించి, తర్వాత కుడికాలు. అలా దిగి వాగు ఒడ్డుకి చేరబోతుండగా కుడి పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది. లాగాను. పటుక్కుమని చప్పుడు. బూటు వచ్చింది గానీ బెల్టు నుంచి ఎలాస్టిక్ ఊడొచ్చింది. నేను కుట్టిన కుట్టే తెగింది. పాదం వేలాడిపోయింది.

వాచర్ వెనక్కి వచ్చి చూశాడు. "సరిగ్గా సగం వచ్చామమ్మా. ఎనక్కి పోయినా అంతే, ముందుకి పోయినా అంతే."

మా ఆయన నా ముందు గొంతుక్కూర్చుని వీపు చూపించారు. "ఎక్కు."

"వద్దు."

"రజియా, మొండితనం చెయ్యొద్దు. నిన్ను మొయ్యడం నాకు కొత్తా?"

కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆ వీపు ఎక్కితే క్షణంలో వాగు దాటిపోతాను. కానీ ఎక్కానంటే మళ్ళీ ఆ మంచం మీదికే వెళ్ళిపోయినట్టు ఉంటుంది నాకు. "ఒక్క పది నిమిషాలివ్వండి" అని బండ మీద కూర్చున్నాను. టైలర్ పర్సులో సూదీ దారం లేకుండా ఉంటాయా? దారం నాలుగు పేటలు వేసి, బెల్టులోంచి ఎలాస్టిక్‌లోకి దూర్చి కుట్టడం మొదలుపెట్టాను. బెల్టు మందం, వేలి తొడుగు లేదు. సూది బొటనవేల్లో రెండుసార్లు దిగింది. మిగతావాళ్ళంతా చుట్టూ కూర్చుని వేయించిన వేరుశెనక్కాయలు తింటూ నా కుట్టు చూశారు. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా కుట్టి దారం పంటితో తెంపాను. గట్టిగా లాగి చూశాను. ఊడలేదు.

వాగు మోకాలి లోతే. కానీ నీళ్ళలో నా పాదాలు నాకు కనపడవు. చూడకుండా నడవడం నాకు రాదు. శిరీష పక్కనే నీళ్ళలోకి దిగింది. "కిందికి చూడకండక్కా. అవతల ఆ తెల్ల బండ చూడండి. కర్రతో ముందు నేల పట్టుకోండి, అది గట్టిగా ఉంటేనే కాలు." ఒకటి, రెండు, మూడు అడుగులు. సగంలో నాచు మీద ఎడమ కాలు జారి మోకాలి మీద పడ్డాను. వెనక మా ఆయన దభీమని నీళ్ళలోకి దూకారు.

"ముట్టుకోకండి!" అని అరిచాను. ఆ అరుపు లోయంతా తిరిగింది. ఆయన చేతులు చాచి అలాగే నిలబడిపోయారు. నేను కర్రని రెండు చేతులా పట్టుకుని, ఒక మోకాలు ఆనించి, దేవుడా అనుకుంటూ లేచాను. తెల్ల బండ మీద చెయ్యి వేశాక అందరూ చప్పట్లు కొట్టారు. వాచర్ కూడా కొట్టాడు.

మిగతా సగం ఎలా నడిచానో చెప్పలేను. ఎక్కుడు వచ్చింది, ఎండ వచ్చింది, తొడలు వణికాయి. ఎనిమిదిసార్లు కూర్చున్నాను. కొండ అంచు మీంచి దూరంగా పొలాలు, రోడ్డు మీద బస్సు కనిపించాయి. మధ్యాహ్నం మూడు దాటాక చెట్ల సందుల్లోంచి పొద్దున మేం వచ్చిన వ్యాను కనపడింది. నా కాళ్ళతో బయల్దేరిన చోటికి నా కాళ్ళతోనే వచ్చాను. సిగ్గు లేకుండా కేక పెట్టాను. శిరీషని వాటేసుకుని ముద్దు పెట్టాను. నాకంటే గొప్పది ఆ పూట ఈ జిల్లాలో లేదనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఆయన ఒక పక్కన నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. "ఏంటండీ?" అన్నాను.

"ఆ నాలుగు నెలలు నిన్నెత్తుకుంటే బరువనిపించలా. ఇవాళ నువ్వు పడి లేస్తుంటే చూస్తా నిలబడ్డానే, అదే కష్టమయింది" అన్నారు.

ఇప్పుడు షాపు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది. శ్రీనుకి క్షమాపణ చెప్పి రెండు చొక్కాలు కుట్టిచ్చాను. అరికాళ్ళకి స్పర్శ సగమే వచ్చింది. అంతకంటే రాకపోవచ్చు అన్నారు డాక్టరు గారు, సరే అన్నాను. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టి రెండు అరికాళ్ళూ చూసుకుంటాను.

ఇలాంటి జబ్బు నుంచి లేస్తున్న మనిషి మీ ఇంట్లో ఉంటే, వాళ్ళకి సేవ చేసేవాళ్ళకి ఒక్క మాట చెప్తాను. ఎంతవరకు సొంతంగా చెయ్యనివ్వచ్చో ఫిజియోని అడగండి. అంతవరకు చెయ్యి అందే దూరంలో నిలబడండి, ముందే పట్టుకోవద్దు. ఇది మీకే ఎక్కువ కష్టం, నాకు తెలుసు. నిన్న బజార్లో గతుకు చూసుకోక తూలాను. పక్కనున్న మా ఆయన చెయ్యి విసురుగా ముందుకొచ్చి, నా మోచేతికి జానెడు దూరంలో ఆగింది. నేను నిలదొక్కుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది, ఇద్దరం కూరగాయలు బేరం చేస్తూ నడిచాం.