నా గొంతు కోసం అత్తమ్మ ఆడిన అబద్ధం

మా అత్తమ్మ పోయిన గురువారం చనిపోయింది. పొద్దున టీ తాగి, కాసేపు నడుము వాలుస్తానని పడుకుంది. మళ్లీ లేవలేదు. అల్మాస్‌గూడలో మా గల్లీ అంతా వచ్చి ఆమె మంచితనం గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆమె ఆడిన ఒక అబద్ధం గుర్తుకొస్తూ ఉంది.

అప్పుడు నాకు మొదటి కానుపు. ఆరో నెల దాటాక గొంతు బొంగురుపోయి మగవాళ్ల గొంతులా మారింది. పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ స్కాన్ తీయించి, రెండు అండాశయాల్లోనూ గడ్డలున్నాయని చెప్పింది. అత్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"క్యాన్సరా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు."

"కాదనే అనుకుంటున్నామమ్మా. గర్భంతో ఉన్నప్పుడు చాలా అరుదుగా వచ్చే గడ్డలివి. కాన్పు తర్వాత వాటంతటవే కరిగిపోతాయి. వాటివల్ల మగ హార్మోను పెరిగి ఇట్లా అవుతోంది. ఆడపిల్లయితే బిడ్డ మీద కూడా కొంత ప్రభావం ఉండొచ్చు. కానీ ఇప్పుడు ఆపరేషన్ చేస్తే బిడ్డకే ప్రమాదం. ఆగి చూద్దాం."

అత్తమ్మ నావైపు తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా?"

నేను తలూపాను. "అయితే ఆగుతం," అంది డాక్టరమ్మతో.

ఆగడం తేలిక కాలేదు. "కడుపుతోని ఉన్న పిల్లకు మొగోళ్ల గొంతేంది?" అని ఎదురింటావిడ గుమ్మంలోనే అడిగేసింది. అత్తమ్మ తడుముకోలేదు. "ఎల్‌బీ నగర్ చౌరస్తల దీక్ష కాడ జై తెలంగాణ అని ఒర్రి ఒర్రి గొంతు పోయింది. చెప్తే ఇంటదా!"

నేను ఆ దీక్షా శిబిరం మొహమే చూడలేదు. మర్నాడు ఆటో మాట్లాడి తీసుకెళ్లింది. "ఒక్కసారన్న పోకుంటే నా మాట అబద్ధమైతదిగదనే," అంది. టెంటు కింద ఆడవాళ్లందరివీ నినాదాలతో బొంగురుపోయిన గొంతులే. నెల రోజుల్లో మొదటిసారి, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా మాట్లాడాను ఆ రోజు.

మధ్యాహ్నాలు అత్తమ్మ తలుపు దగ్గరకేసి, నూలు దారం మెలిపెట్టి నా పెదవి మీది వెంట్రుకలు తీసేది. పోచంపల్లిలో చిన్నప్పటి నుంచీ నూలుతో పనిచేసిన వేళ్లు. నొప్పే తెలిసేది కాదు. బిడ్డకేమైనా అవుతుందేమోనని నేను ఏడిస్తే, "భయముంటే ఉండనీ, ముందుగాల బువ్వ తిను," అని కంచం ముందు పెట్టేది.

ఆడపిల్లే పుట్టింది. పిల్లల డాక్టరు తలనుంచి పాదం దాకా చూసి, "అంతా బాగుందమ్మా," అనేదాకా అత్తమ్మ కూర్చోలేదు. నా గొంతు మాత్రం పూర్తిగా పాత గొంతు కాలేదు. "గిదే మంచిగున్నది, గల్లీ చివరికి ఇనపడతది," అనేది.

కాన్పయిన మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేయించాం. గడ్డలు లేవని స్కాన్ చేసే అమ్మాయి చెప్పింది. అత్తమ్మ లేచి తెర దగ్గరికి వెళ్లింది. ఆ నలుపు తెలుపుల్లో ఆమెకేం అర్థమైందో తెలియదు. కొంగుతో తెర అద్దం మెల్లగా తుడిచి, కళ్లు చికిలించి, మళ్లీ చూసింది.