మేస్త్రి రాయించుకోని జీతం

వెంట్రుకంత తేడానైనా లేత్ మేస్త్రి వేలి కొసతో పట్టేవాడు. షాపు పద్దు పుస్తకం మాత్రం పద్నాలుగేళ్లలో ఒక్కసారీ తెరిచి చూడలేదు.

షాపు పెట్టినప్పుడు డబ్బు అక్క మొగుడిది. మేస్త్రి తుక్కు ధరకు లేత్ కొనుక్కొచ్చి, ఆర్నెల్లు దాంతో కుస్తీపట్టి దాన్ని మనిషిని చేశాడు. లాభం చెరిసగం అనుకున్నారు.

“నీ జీతం ఎంతని రాయమంటావురా?” అని బావ అప్పుడే అడిగాడు.

“సొంత షాపులో జీతమేంటి బావా, నలుగురూ నవ్విపోతారు!” అని మేస్త్రి నవ్వేశాడు.

ఇంటి ఖర్చుకు ప్రతి శనివారం గల్లాపెట్టెలోంచి తీసుకుని, ఎంత తీశాడో చీటీ రాసి వేసేవాడు. ఒక్క రూపాయి దాచలేదు.

ఈమధ్య బావ, “వయసైపోయింది, విడిపోదాం. నా వాటా ఇచ్చెయ్, లేదా షాపు నాకొదిలెయ్” అన్నాడు. బ్యాంకు బాకీ పోను షాపు తొమ్మిది లక్షలు చేస్తుందని ఇద్దరికీ తెలుసు. సగమే కదా అని మేస్త్రి ఇల్లు తాకట్టు పెట్టేందుకు నాలుగున్నర లక్షలకు మాట్లాడుకుని వచ్చాడు.

ఏటా షాపు లెక్కలు చూసే ఆడిటరు వచ్చి, బల్ల మీది ఇనుపరజను ఊది పుస్తకం పరిచాడు.

“గది, మిషన్లు, సరుకు, రావలసినవి కలిపి పదకొండు లక్షలు. అప్పు రెండు. మిగిలిన తొమ్మిదీ మీ ఇద్దరి మూలధనం. అందులో బావగారిది ఎనిమిది లక్షల ఇరవై వేలు. మీది ఎనభై వేలు.”

“సగం కదండీ?”

“లాభం సగమే. ఆయన తన సగం ముట్టుకోలేదు, ఇక్కడే పోగుపడింది. మీ సగం మీరు వారంవారం తీసేసుకున్నారు. అది సొంత వాడకం, మీ మూలధనంలోంచే పోతుంది.”

“అది నా కూలి సార్! పొద్దస్తమానం నిలబడిన కాళ్ల కూలి!”

“కూలి అని రాయించి ఉంటే షాపు ఖర్చయ్యేది. అది పోగా మిగిలిందే పంచుకునేవారు. మీరు రాయించలేదు.”

“మరి నా లేత్?”

“ఏటేటా అరుగుదల కింద కొంత ధర తీసేశాం. పుస్తకంలో ఇప్పుడు సున్నా.”

“ఏం అరిగింది? రండి, కొలిచి చూడండి!”

“ధర పెంచి రాద్దాం మేస్త్రిగారూ. అయినా పెరిగిందీ మీ ఇద్దరికీ చెరిసగమే.”

మేస్త్రి బావ వైపు చూశాడు. బావ తల దించుకునే మాట్లాడాడు. “నేనేం దాచలేదురా. పుస్తకం ఆ గూట్లోనే ఉంది. చూడొద్దన్నానా?”

అనలేదు. అందుకే మేస్త్రికి తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. ఎనిమిది లక్షల ఇరవై వేలకు ఇల్లు చాలదు. గొంతు పెంచుదామంటే అక్క ముఖం అడ్డొచ్చింది.

“నావల్ల కాదు బావా. నువ్వే ఉంచుకో.”

“నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. నీ లేత్ నీ చేతిలోనే ఉంటుంది. నెలనెలా ఇస్తాను.”

ఆడిటరు కొత్త పేజీ తిప్పి, తారీఖు వేసి తలెత్తాడు. “జీతం ఎంతని రాయమంటారు?”

ఈసారి మేస్త్రికి నవ్వు రాలేదు. పాతగుడ్డతో వేళ్ల మధ్య గ్రీజు తుడుచుకున్నాడు.

“షాపు ఆయనది. ఆయన్నే అడగండి” అని వెళ్లి లేత్ స్విచ్ వేశాడు.