పౌడరు రాసిన ఇంజను

ఆవిరమ్మకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. బుసబుస పొగలు కక్కుకుంటూ వచ్చే కార్లన్నీ ముందున్న మరిది వర్క్‌షాపు దాటుకుని, వెనకాల ఆమె రేకుల షెడ్డు దగ్గరే ఆగేవి. అలా అంటుకుపోయింది. అసలు పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషి, మొగుడు, పోయి ఆరేళ్లయింది.

ఆయన రేడియేటర్లకు టంకం వేసేవాడు. ఆ పొగకి చివరి పదేళ్లూ చూపు మందగించింది. చిల్లు ఎక్కడుందో ఆమె చూసి చెబితే ఆయన టంకం పెట్టేవాడు. పోనుపోను చూడటమూ ఆమే, పెట్టడమూ ఆమే అయింది. ఆయన స్టూలు మీద కూర్చుని "అయిందా?" అని అడగడం మాత్రం ఆఖరిదాకా మానలేదు. ఆమె రెండో తరగతి మధ్యలో బడి మానేసింది. సంతకం పెట్టమంటే ఇప్పటికీ పావుగంట తీసుకుంటుంది. కానీ కారుతున్నది ఉత్త నీళ్లో, ఇంజను చల్లబరిచే కూలెంటో పదడుగుల దూరం నుంచి వాసన పట్టి చెప్పేస్తుంది. బడి మానేస్తే ముక్కు కూడా పనిచేయడం మానేస్తుందా ఏమిటి?

మరిదికి ఇప్పుడా షెడ్డు కావాలి. చక్రాల వంకర సరిచేసే కొత్త మిషను సోమవారం వస్తోంది, పెట్టడానికి చోటు లేదు. శుక్రవారం పొద్దున పెద్ద మేస్త్రీని వెంటేసుకుని వచ్చాడు.

"వదినా, ఈ రోజుల్లో రేడియేటర్లకు టంకం ఎవరు వేయించుకుంటారు చెప్పు? అన్నీ ప్లాస్టిక్కు, అల్యూమినియమ్మూనాయె. పాడైతే తీసి అవతల పారేయడమే. నువ్వింక విశ్రాంతి తీసుకో."

"అలిసిపోయానని నీతో ఎవరు చెప్పారు నాయనా?"

"అది కాదు వదినా. నీకు నేనేం తక్కువ చేశాను?"

"ఏమీ తక్కువ చేయలేదు. షెడ్డు ఒక్కటే లాక్కుంటున్నావు, అంతేగా."

మాట ఇంకా నోట్లోనే ఉంది, నర్సమ్మ కారు గేట్లోకి వచ్చింది. ఆవిడ ఊళ్లు తిరిగి కాన్పులు చేసే మనిషి. ఈ కారు ఇక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి రేడియేటరు మార్చారు, రెండోసారి నీళ్లు తిప్పే పంపు మార్చారు. అయినా డబ్బాలో కూలెంటు రోజుకో వేలెడు తగ్గుతూనే ఉంది. పోనీ కింద తడి ఉందా అంటే చుక్క లేదు. నిన్న ఒక కాన్పుకి వెళ్తుంటే దారిలోనే ఇంజను మరిగిపోయి ఆగిందట. ఆవిడ సంచీ భుజానేసుకుని మిగతా దారంతా పరిగెత్తిందట.

పెద్ద మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "ఇంజను హెడ్డు విప్పాల్సిందేనమ్మా. నీళ్లు లోపలికి దిగి కాలిపోతున్నాయి."

"పొగ తెల్లగా వస్తోందా?" ఆవిరమ్మ అడిగింది.

"లేదు పెద్దమ్మా," అంది నర్సమ్మ.

"నీళ్లు దిగి ఆయిలు పాలు కలిసినట్టు అయిందా మేస్త్రీ?"

"అలా ఏం లేదు."

"మరి లోపల ఏ దయ్యం కూర్చుని తాగుతోందయ్యా ఆ నీళ్లు?"

మేస్త్రీ మొహం మాడిపోయింది. మరిది మధ్యలోకొచ్చాడు. "వదినా, కొత్త బండ్ల సంగతి నీకు తెలియదు, ఊరుకో."

అదిగో, ఆ ఊరుకో అన్న మాటే ఆమెకి పడదు. రెంచీ కింద పెట్టి, పైన తొడుక్కున్న మొగుడి పాత చొక్కాకి చేతులు తుడుచుకుంది.

"ఈ బండి ఆదివారం దాకా నాకు వదిలేయండి. ఎక్కడ కారుతోందో చూపించలేకపోతే నా సామాను నేనే మోసుకుపోతాను, సోమవారం నీ మిషను పెట్టుకో. చూపించానా, ఈ షెడ్డు ఊసు నువ్వు మళ్లీ ఎత్తకూడదు."

పనివాళ్లంతా చూస్తున్నారు. పరువుకి పోయి మరిది "సరే" అనేశాడు.

ఆవిరమ్మ నర్సమ్మని స్టూలు మీద కూర్చోబెట్టింది. "నీళ్లు ఎప్పుడు తగ్గుతున్నాయి తల్లీ?"

"సాయంత్రం బండి ఆపేటప్పుడు బాగానే ఉంటాయి. పొద్దున లేచి చూస్తే తగ్గి ఉంటాయి."

మూడుసార్లు వచ్చినా ఆ ముక్క ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. అడిగే తీరికెక్కడిది? ఆ వర్క్‌షాపులో బండి వచ్చిందంటే ముందు స్టార్ట్ చేయాలి, ఇంజను కుతకుతలాడేదాకా ఉంచాలి, అప్పుడు కింద దూరి వెతకాలి. వేడెక్కితేనే లీకు బయటపడుతుందని వాళ్ల నమ్మకం. వేడికి ఉబ్బి నోరు మూసుకునే చిల్లు కూడా ఉంటుందని వాళ్లకి ఎవరు చెప్పాలి?

ఆమె తాళం చెవి చొక్కా జేబులో వేసుకుంది. ఇంజను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనిచ్చింది. సాయంత్రానికి బాగా చల్లబడ్డాక మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, గొట్టాల మీదా, అతుకుల మీదా, చెయ్యి పట్టినంత మేరా చల్లింది.

"బండికి పెళ్లిచూపులా అక్కా?" మేస్త్రీ నవ్వాడు.

"అవును, వరుడివి నువ్వు కాదులే, భయపడకు."

శనివారం తెల్లవారేసరికి ఆమె షెడ్డులో ఉంది. కాసేపటికి మేస్త్రీ వచ్చి అలవాటుగా చెయ్యి చాచాడు. "తాళం ఇవ్వక్కా, వేడి చేస్తాను."

"దాన్ని ముట్టుకుంటే నీకు వేడి చేస్తాను."

రేడియేటరు మూత తీసి, ఆ నోటికి సైకిల్ పంపు బిగించి, లోపల ఒత్తిడి పెరిగేలా మెల్లగా నాలుగుసార్లు కొట్టింది. టార్చి వేసి చూసింది. రేడియేటరు దగ్గర పౌడరు చెక్కుచెదరలేదు. నీళ్లు తిప్పే పంపు దగ్గర తడి లేదు. పెద్ద గొట్టాల దగ్గరా లేదు. మరిది వచ్చి తలుపు దగ్గర నిలబడి, మిషనుకి చోటు సరిపోతుందా అని షెడ్డుని కళ్లతో కొలిచాడు. ఆ కొలతే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. నిజంగా హెడ్డే పోయిందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వస్తే వచ్చింది, చెయ్యి మాత్రం ఆగలేదు.

కంటికి ఆనని చోటు ఇంకొకటి ఉంది. ఇంజను వెనకాల, లోపలి గోడకి ఆనుకుని, కారు లోపలికి వేడి పంపే సన్న గొట్టం. ఇనప ఊచకి కట్టిన చిన్న అద్దం అక్కడికి దించింది. పౌడరు మీద, జడలో పాపిడి తీసినట్టు, ఒక పచ్చటి కూలెంటు గీత.

"ఇలా రా మేస్త్రీ. నీ దయ్యం ఇదిగో."

గొట్టాన్ని పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు వదులైపోయింది. చల్లబడి రబ్బరు ముడుచుకున్నప్పుడు సందు తెరుచుకుంటోంది. కారిన చుక్కలు అడుగునున్న ప్లాస్టిక్ పళ్లెంలో పడుతున్నాయి. పొద్దున బండి నడిపాక ఆ వేడికి ఆరిపోతున్నాయి. నేల మీద తడి ఎక్కడినుంచి వస్తుంది?

మేస్త్రీ అద్దంలోకి రెండుసార్లు చూశాడు. తనే పళ్లెం విప్పి చూపించాడు. దాని నిండా పొలుసులు పొలుసులుగా పచ్చటి అట్ట కట్టి ఉంది.

గట్టిపడిపోయిన గొట్టం చివర వేలెడంత కోసి పారేసి, మెత్తటి భాగం లోపలికి తోసి, మరతో బిగించే కొత్త క్లిప్పు వేసింది ఆవిరమ్మ. కూలెంటు పోసి, మూత తీసి ఉంచి ఇంజను నడిపి, గొట్టాలు పిసికి లోపలి గాలి తీసింది.

"అయితే నర్సమ్మకి కబురు చేస్తాను," అన్నాడు మరిది.

"అప్పుడే కాదు. ఇంకోసారి చల్లారి తెల్లారాలి."

మళ్లీ కడిగింది, మళ్లీ పౌడరు చల్లింది. ఆదివారం పొద్దున అద్దం దించితే ఆ మూలంతా తెల్లగా ఉంది. డబ్బాలో కూలెంటు గీత మీద కదలకుండా నిలబడింది. నర్సమ్మ తాళం చెవి అందుకుని, "ఇంజను విప్పించి ఉంటే నెల రోజులు కాలినడకే పెద్దమ్మా," అని ఆమె చేతులు పట్టుకుంది.

కారు గేటు దాటాక మరిది గొంతు సవరించుకున్నాడు. "సరేలే వదినా. షెడ్డు నీకే వదిలేస్తున్నాను."

"వదిలేయడానికి అది నీ చేతిలో ఎప్పుడుంది? ఈ రేకులు బిగించింది నేనూ మీ అన్నయ్యా. నువ్వు కింద నిలబడి మేకులు అందించావు, అవీ సగం మట్టిలో పోశావు."

మేస్త్రీకి నవ్వొచ్చి అటు తిరిగాడు.

"సరే తల్లీ, నీదే. ఇంకేం చేయమంటావు?"

"రేపటినుంచి నీళ్లు తగ్గుతున్నాయని ఏ బండి వచ్చినా తాళం ముందు నా చేతికి రావాలి. నేను చెప్పేదాకా ఎవడూ స్టార్ట్ చేయకూడదు."

"వర్క్‌షాపు నాది వదినా!"

"నీదే, ఎవరు కాదన్నారు? బండి నా దగ్గర ఉంటుంది, బోర్డు మీద పేరు నీది ఉంటుంది."

మరిది మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ "అదే మంచిదండీ" అన్నాడు, మెల్లగా.

సోమవారం మిషను వచ్చింది. చోటు లేక టార్పాలిన్ కప్పి గేటు పక్కన నిలబెట్టారు. షెడ్డుకి వచ్చే బండ్లకి అడ్డంగా ఉందని ఆవిరమ్మ నలుగురిని పిలిచి, దగ్గరుండి దాన్ని ఇంకో రెండడుగులు అవతలికి జరిపించింది.