ధర్మవరం దాటినాక

పెళ్లయిన మొదటి తొమ్మిదేళ్లలో రైలెక్కిన ప్రతిసారీ నేను పెనుకొండలో దిగిపోయాను. అత్తగారి ఊరు హిందూపురం, పుట్టిల్లు పెనుకొండ. రెండింటి నడుమ గంటన్నర ప్రయాణం. కిటికీ పక్కన చోటు దొరికి, కాళ్లు ముడుచుకుని, ముఖానికి గాలి తగిలి, ఇంక హాయిగా ఉందనుకునే సమయానికి కొండ కనిపించేది. అప్పటికి నాకు చదువు లేదు. అక్షరాలు దిద్దింది యాభై దాటాకే. స్టేషన్ బోర్డు మీద ఏం రాశారో నాకు అక్కర్లేదు, కొండే నా బోర్డు. అది కనిపిస్తే మూట చేతికి తీసుకుని లేవడమే. నేను దిగాక రైలు ముందుకు పోయేది. ఎక్కడికి పోతుందో, అందులో మిగిలిన వాళ్లు ఏమేం చూస్తారో తెలియదు. చివరి పెట్టె కనుమరుగయ్యే దాకా నిలబడి చూసేదాన్ని. మా అమ్మ విసుక్కునేది.

మాది మగ్గాల ఇల్లు. ఒకే పడసాలలో నాలుగు మగ్గాలు. మా ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు. ఆయనకు ఎడమ పక్కన రాట్నం ముందు కూర్చుని నేను నూలు కండెలకు చుట్టేదాన్ని. పొద్దున్నించి దీపాలు పెట్టే దాకా మా ఇద్దరికీ రెండు మూరల దూరం, అయినా మాట లేదు. పెద్దల ముందు మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మా ఇంట్లో సిగ్గుమాలిన పని. ఎవరూ చూడనప్పుడు నేను గొంతు తగ్గించి ఏదైనా అంటే ఆయన బదులు చెప్పేవాడు కాదు. తల కూడా తిప్పేవాడు కాదు. మొదట్లో ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత అలవాటైంది. మనిషి మంచివాడే కానీ పొగరు ఎక్కువ అని తేల్చుకున్నాను.

ఒకసారి నన్ను పుట్టింట్లో దిగబెట్టడానికి వచ్చినప్పుడు, పెనుకొండ స్టేషన్ బయట, ఎవరూ లేరు కదా అని గట్టిగానే అడిగాను.

"ఒక్కతూరి ఈ రైల్లో దిగకుండా పోవల్ల నాకు. పెనుకొండ వచ్చినా దిగకుండా. నువ్వూ నేనే, ఇంకెవరూ వద్దు."

"యాడికి?"

"యాడికైనా. రైలు ఇంక ముందుకు పోలేని చోటికి."

ఆయన నవ్వాడు. "ఆడ సముద్రం ఉండాదంట" అన్నాడు. రామేశ్వరం గురించి సంతలో ఎవరో చెప్పగా విన్నాడు.

అది జరిగిన రెండేళ్లకు నూలు దొరకని కాలం వచ్చింది. పడుగులు అయిపోయి మగ్గాలు ఖాళీగా పడి ఉన్నాయి. ఆయన నా మాట మరిచిపోలేదు. మా అత్తను అడిగాడు. సరదాగా పోయొస్తామంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు కాబట్టి, రామేశ్వరానికి మొక్కు ఉందని చెప్పాడు. పిల్లలిద్దరినీ చూసుకోవడానికి అత్త ఒప్పుకుంది. కానీ ఆమెకు ఒకటి మింగుడు పడలేదు.

"ఇద్దరే పోతారా? దావ పొడుగునా ఏం మాట్లాడుకుంటారు?"

"మాట్లాడుకోములే అత్తా. కిటికీలో చూసుకుంటా పోతాం" అన్నాను.

"చూసేదానికి ఈడ కిటికీలు లేవా?" అని కొడుకు వైపు తిరిగింది. "మీ అక్కను గూడా పిలుచుకోని పో అబ్బీ. ఎట్లాగూ ధర్మవరంలో రైలు మారల్ల కదా, ఆడ ఎక్కుతాది."

"చూద్దాంలేమ్మా" అన్నాడాయన.

ఆయన 'చూద్దాం' అంటే సరేనని అర్థం. తల్లికి గానీ అక్కకు గానీ వద్దని చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ రోజు నుంచీ నాకు ఒకటే దిగులు. సముద్రం చూస్తానా లేదా అని కాదు, ఇద్దరమే పోతామా పోమా అని.

బయల్దేరిన రోజు హిందూపురం స్టేషన్లో ఆయన నన్ను ఆడవాళ్ల పెట్టె దగ్గరికి తీసుకుపోయి ఎక్కించాడు. నేను ముఖం ముడుచుకుంటే, "ధర్మవరం దాకా రైలంతా మనోళ్లే ఉంటారు. దాటినాక ఒక్కచోటే కూర్చుందాం" అన్నాడు.

అలా ఇద్దరమే పోతామని బయల్దేరి, నేనొక పెట్టెలో, నాలుగు పెట్టెల అవతల ఆయన. తిండి మూట నా దగ్గర, టికెట్లు ఆయన దగ్గర.

పెనుకొండ కొండ కనిపించగానే నా కాళ్లు వాటంతట అవే లేచాయి. మూట చంకలో పెట్టుకుని తలుపు దాకా పోయాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి కూర్చుంటే పక్కనున్న ముసలామె, "ఏమ్మా, ఊరు నచ్చలేదా?" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

మా అమ్మ దారిలో తినడానికి తీపి ఓళిగలు కట్టుకుని స్టేషన్‌కు వచ్చింది. కిటికీ ఊచల సందులోంచి పొట్లం ఇచ్చి, "ఒక్క పూట దిగి పోగూడదా?" అంది.

"దిగనుమా."

"అంత పంతమేందే నీకు?"

"పంతం కాదు. ఈ రైల్లోంచి ఊరు వెనక్కి పోయేది చూడల్ల నాకు."

అమ్మకు అర్థం కాలేదు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద అమ్మ, ఆ తర్వాత గూడ్సు పెట్టెలు, ఆ తర్వాత చింతచెట్లు వెనక్కి పోయాయి. కొండ మెల్లగా తిరిగింది. నేను పుట్టిన ఊరి కొండకు వీపు ఎలా ఉంటుందో ఇరవై నాలుగేళ్లకు చూశాను. కోటగోడ ఆ వైపు సగం కూలి ఉంది. ఎందుకో ధైర్యం వచ్చింది.

ధర్మవరంలో దిగేసరికి వదిన నిలబడి ఉంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. ధర్మవరంలో పట్టు నేసే ఇంటికి ఇచ్చారు. పొద్దుగూకే దాకా చేతులు పట్టు మీద, ఒంటి మీద మటుకు నూలు చీర. పక్కన పెద్ద మూట, ఇత్తడి చెంబు, చిత్రాన్నం డబ్బా ఉన్నాయి.

"వస్తిరా? అమ్మ కార్డు రాయించింది. మూడు దినాలుగా మూట కట్టుకోని కూర్చుండా" అంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే అబద్ధమవుతుంది.

మా ఆయన నా వైపు చూడలేదు. నేల చూశాడు. "ఉండక్కా, నీకు టికెట్టు తీసుకోనొస్తా" అని కదిలాడు.

"వద్దు" అన్నాను.

"ఏం వద్దు?" అంది వదిన.

"టికెట్టు వద్దు. నువ్వు రావద్దు వదినా."

నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె ముందు ఆ రోజు దాకా నేను తలెత్తి మాట్లాడింది లేదు.

"నేనేం అడ్డమొస్తాను మీకు? మీ నడుమ పక్కేసుకుంటానా?"

"నువ్వుంటే ఆయన నీతో మాట్లాడతాడు, నాతో మాట్లాడడు. తొమ్మిదేండ్లుగా చూస్తాండా. ఈ ఒక్కతూరి మమ్మల్ని వదిలిపెట్టు. ఇంకోతూరి నేనే నిన్ను పిలుచుకోని పోతా."

"ఇంకోతూరి" అంది వదిన. "ఆ మాట మా ఇంట్లో శానా విన్నాలే."

తమ్ముడి వైపు చూసింది. ఆయన ఏదో ఒకటి అంటాడని నేనూ చూశాను. ఆయన చేతిలోని చిల్లర సర్దుకుంటున్నాడు. వదిన బెంచీ మీద కూర్చుని, చిత్రాన్నం డబ్బా తీసి నా పక్కన పెట్టింది.

"ముగ్గురికని చేసినా. మీరిద్దరే తినండి."

చెంబు మూటలో పెట్టుకోవడానికి ముడి విప్పింది. లోపల ఒక కొత్త చీర ఉంది, మడత విప్పనిది. సముద్ర స్నానానికి కొనుక్కున్నట్టుంది. అది నా కంట పడకుండా ఉంటే బాగుండేది. మూట భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పాకాల వైపు పోయే రైలు దాదాపు ఖాళీగా ఉంది. ఆయన ఒక కిటికీ దగ్గర కూర్చున్నాడు, నేను ఎదురు కిటికీ దగ్గర. ధర్మవరం దాటింది. ముదిగుబ్బ దాటింది. ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చూసేవాళ్లకు మేము ఒకరికొకరం ఏమీ కాని వాళ్లలా ఉండి ఉంటాం. ఎర్రనేల, శనగచేలు, బొగ్గు పొగ. అడిగినది దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డబ్బా మూత ఇద్దరమూ తీయలేదు.

కదిరిలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఎదుటి బెంచీ నిండిపోయేటట్టు ఉంటే ఆయన లేచి వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కిటికీ నా కుడి పక్క, ఆయన నా ఎడమ పక్క. అంత దగ్గరగా వెలుతురులో ఎప్పుడూ కూర్చోలేదు.

"ఆకలైతాందా?" అన్నాను. అలవాటు కొద్దీ సన్నగానే అన్నాను.

"అవుతాంది" అన్నాడు వెంటనే.

ఆశ్చర్యపోయాను. పరీక్ష చేద్దామని ఇంకా సన్నగా, "కోపం పోయిందా?" అన్నాను.

"నాకు చెప్పేది చేతకాక నువ్వు చెప్పాల్సొచ్చింది. దానికి కోపం. అక్క మీద కాదు, నీ మీదా కాదు" అన్నాడు.

"మరి ఇంట్లో నేను పిలిస్తే ఎందుకు పలకవు?"

ఎప్పుడు పిలిచావన్నాడు. రోజూ అన్నాను. రాట్నం దగ్గర నుంచి, రోజుకు పదిసార్లు. ఆయన ఎడమ చెవి పట్టుకుని చూపించాడు.

"ఈ చెవి వినపడదు. చిన్నప్పుడే పోయింది."

తొమ్మిదేళ్లు. ఇద్దరు పిల్లలు. నాకు తెలియదు.

"చెప్పాల్సిన పని లేదా నాకు?"

"చెవుడంటే పిల్లనిస్తారా? పెండ్లికి ముందు ఎవరికీ చెప్పొద్దనింది అమ్మ. పెండ్లయినాక ఎవరో ఒకరు నీకు చెప్పుంటారనుకున్నా."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను. ఆ తర్వాత డబ్బా మూత తీసి ఒకే ఆకులో పెట్టాను. ఆడది మొగుడితో కలిసి తినడం కదిరి వాళ్లకు కూడా కొత్తేనేమో, ఎదుటి బెంచీ వాళ్లు కిటికీలోకి చూస్తూ కూర్చున్నారు. చిత్రాన్నం బాగుంది. ముగ్గురికని చేసింది కదా, మూడో వంతు మిగిలిపోయింది.

అక్కడి నుంచి మాటలే మాటలు. పాకాలలో మారాం, కాట్పాడిలో మారాం, విల్లుపురంలో మారాం. ఎక్కిన ప్రతి పెట్టెలో ముందు నేను చూసుకున్నది ఆయనకు కుడి పక్కన చోటు ఉందా అని. ఒక్క చెవితో వినేవాళ్లకు శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తెలియదట. మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు రైలు కూత వినిపిస్తే అది బెంగళూరు నుంచి వస్తోందో గుంతకల్లు నుంచి వస్తోందో అని ఆలోచించేవాడట. నేను కూడా అదే రైలు గురించి ఆలోచిస్తూ రెండు మూరల దూరంలో కండెలు చుడుతూ ఉన్నాను.

సముద్రం మీది వంతెన మీద రైలు మెల్లగా పోతుంటే ఆయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. భయమని ఒప్పుకోలేదు. ఒడ్డున నిలబడి చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని ఉప్పగా ఉండేదేంది?" అన్నాడు. మా వైపు మనిషి ఇంకేమంటాడు. రైలు ఇంక ముందుకు పోలేని చోటు చూశాను. పట్టాలు ఇసుకలో ఆగిపోతాయి, అంతే. ఒకరోజు ఎక్కువ ఉన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ధర్మవరంలో వదిన ఇంటికి తీర్థం తీసుకుని పోయాం. ఆమె మగ్గం గుంటలోంచి లేవలేదు. "ఆడ పెట్టు" అంది. పెట్టి వచ్చాం.

ఇంటికి చేరిన మరుసటి రోజు రాట్నాన్ని ఆయనకు కుడి పక్కకు మార్చాను.

"ఎందుకు మార్చినావు?" అంది అత్త.

"ఆడ వెలుగు చాల్లేదత్తా."

వదిన నాతో మూడేళ్లు మాట్లాడలేదు. నాలుగో ఏట ఒక పెళ్లిలో పలకరించింది. ఇంకోతూరి అన్న మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. పదేళ్లు గడిచాయి. అత్త పోయింది, మేము వేరు పడ్డాం. ఒకనాడు నేనే ధర్మవరం పోయి, మూట కట్టుకో వదినా అన్నాను. ఎందుకని అడగలేదు. లోపలికి పోయి మూట తెచ్చింది.

మా ఆయన మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చాడు. టికెట్లు రెండే తీశాడు. రైలు వచ్చేదాకా అటూ ఇటూ తిరిగి, "ముగ్గురం పోదామా అక్కా?" అన్నాడు.

"నువ్వొద్దులే అబ్బీ" అంది వదిన. "నువ్వుంటే ఇది నీతోనే మాట్లాడతాది."

రైలు కదిలాక ఆమెకు చెవి సంగతి చెప్పాను, ఆ రోజు కదిరి దాటాక నాకు ఎలా తెలిసిందో. వదిన నన్ను వింతగా చూసింది.

"నాకు తెలీదా ఆ చెవి? చీము కారతాంటే వెల్లుల్లి నూనె పోసింది నేనే కదా. ఆ పొద్దు నన్ను ఎక్కించుకోని ఉంటే ముదిగుబ్బ రాకముందే చెప్పిందును."

డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను. ఈసారి చిత్రాన్నం చేసింది నేను. ఉప్పు తక్కువైందని సముద్రం వచ్చేదాకా అంటూనే ఉంది.