ఓడలో దీపాలు ముందా, రంగు ముందా

మా చిన్నప్పుడు... విశ్వకర్మ పూజ దగ్గర పడుతోందంటే భిలాయి ఖుర్సీపార్‌లో మా క్వార్టర్ వరండా నిండా అట్టముక్కలే. ఓ ఏడాది అక్కడ రాజుకున్న కోపం నాకింకా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

నాన్న పని ప్లాంటులో, ఉక్కు పలకలు తయారుచేసే మిల్లులో. "ఇసాపట్నంలో కట్టే ఓడలకి మన బిలాయి ఇనుమేరా" అని గర్వంగా చెప్పేవాడు. నాకు కాదు... అన్నకి.

ఆ ఏడాది పూజలో విగ్రహం పక్కన పెట్టడానికి ఓడ బొమ్మ కావాలన్నారు మిల్లువాళ్ళు. నాన్న ఆ పని అన్నకి అప్పజెప్పాడు. అన్న పదో తరగతి, నేను ఎనిమిది. కాస్త అట్ట కోసి క్రికెట్‌కి పోయాడు. మిగిలింది నేను చేశాను.

ఓడ చేయడంలో అతకడం కష్టం కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే కష్టం. ముక్కలన్నీ వరండాలో వరసగా పేర్చుకుని, వాటి ముందు గొంతుక్కూర్చుని ఆలోచించేదాన్ని. అడుగున పొడుగాటి బద్ద. దానికి అడ్డంగా పక్కటెముకల్లా చెక్కముక్కలు. వాటిమీద అట్ట తొడుగు. ఆ తర్వాత...?

కిటికీల్లో దీపాలు వెలగాలని నా ఆశ. పైన బల్ల మూసేశాక లోపలికి చెయ్యి దూరదు. కాబట్టి బల్బులు, తీగలు ముందు. తర్వాత పై బల్ల. ఆ తర్వాత రంగు. జెండా కర్రలు అన్నిటికంటే ఆఖరున, లేకపోతే రంగు వేసేటప్పుడు చెయ్యి తగిలి విరుగుతాయి. ఈ వరస తేలిన సాయంత్రం సంతోషంతో అన్నం కూడా సయించలేదు.

మర్నాడు కుళాయి దగ్గర బిందెలు నింపుకుని వచ్చేసరికి... అన్న పై బల్ల అతికించేసి, నీలం రంగు డబ్బా తెరుస్తున్నాడు.

"బల్బులెట్టకుండా మూసేసావేటి?"

"అరే, దీపాలెవుడు చూస్తాడే? ముందు రంగు బఢియాగా ఉండాలి."

నాన్న పక్కనే కుర్చీలో ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. "అన్న సెప్పినట్టు సెయ్యి. ఆడపిల్లకి ఓడలేటి తెలుస్తాది?"

ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు బయటికి వెళ్ళాక తడిగుడ్డ కప్పి జిగురు నానబెట్టి, కూరల చాకుతో బల్ల ఊడదీశాను. అమ్మ చూసింది... వద్దనలేదు. బల్బులు బిగించాను, తీగలు లాగి వెనకవైపు చిన్న తలుపు పెట్టి అక్కడ బ్యాటరీకి కలిపాను, మూశాను, రంగు వేశాను. సాయంత్రానికి కిటికీలన్నిట్లో దీపాలు వెలిగాయి.

ఇంటివాళ్ళని ప్లాంటులోకి రానిచ్చేది పూజ రోజున మాత్రమే. ఇస్త్రీ సల్వార్ వేసుకుని ఓడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అన్న అప్పటికే స్కూటర్ ఎక్కి కూర్చున్నాడు.

"ఒలే, నువ్వెక్కడికే? అక్కడంతా మగోలే. ఓడ అన్నకిచ్చీ" అన్నాడు నాన్న.

నేను ఇవ్వలేదు. అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నాన్నకి ఎదురు చెప్పగా ఆమెని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"దాన్నెక్కించుకుంతేనే ఓడ గడప దాటుతాది. నేదంటే నేదు."

ముగ్గురం వెళ్ళాం. మిల్లులో యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు. ఓడని విగ్రహం పక్కన పెట్టి దీపాలు వెలిగించాను. ఫోర్‌మన్ వంగి చూసి "కిస్నే బనాయా?" అన్నాడు. ఎవరు చేశారని.

నాన్న అన్న భుజం మీద చెయ్యి వేసి "మేరా లడ్‌కా" అన్నాడు, నా కొడుకే అని.

చప్పట్లు... మిఠాయి డబ్బా అన్న చేతికి. వాడు నవ్వుతూ తీసుకున్నాడు.

నేను వెళ్ళి ఓడ వెనకవైపున్న చిన్న తలుపు తెరిచి తీగ పీకేసి, మళ్ళీ మూసేశాను. దీపాలు ఆరిపోయాయి. "అబ్ భయ్యా జలాయేగా" అన్నాను, అందరికీ వినపడేలా. ఇప్పుడు అన్నయ్యే వెలిగిస్తాడు అని.

అన్న ఓడని అటూ ఇటూ తిప్పాడు. పై బల్ల గోకాడు. తీగ ఎక్కడ మొదలై ఎటు పోతుందో తెలిస్తే కదా. ఫోర్‌మన్ కాసేపు చూసి, నా వైపు తిరిగి, "బేటీ, తూ కర్" అన్నాడు, నువ్వు చెయ్యమ్మా అని. వెలిగించాను. ఏది ముందు పెట్టానో, ఎందుకో అడిగి చెప్పించుకున్నాడు. అందరూ విన్నారు... నాన్న తప్ప. ఆయన విగ్రహం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఒక్కటే మాట, "నలుగుర్లో నా పరువు తీసినావు" అని. అమ్మ మాత్రం వంటింట్లో మెల్లగా అడిగింది, "ఎలిగిందా?" అని.

మొన్న ఒక పెళ్ళిలో అన్న మళ్ళీ మొదలెట్టాడు... "నేను చేసిన ఓడ" అని. నాన్న తల ఊపాడు. అది నేను చేశానన్నాను. "ఇన్నేళ్ళయినా ఇంకా ఏటే" అని అందరూ నవ్వేశారు. ఏళ్ళు గడిస్తే చేసినవాళ్ళు మారిపోతారా?

ఇప్పుడు ఓడ బొమ్మలు డబ్బాల్లో వస్తున్నాయి. ముక్కముక్కకీ అంకె, ఏది ముందో ఏది తర్వాతో అచ్చేసిన కాగితం. మా అమ్మాయి అది చూసి చకచకా అతికేస్తుంది. ఆ వరస కోసం బుర్ర బద్దలుకొట్టుకున్న సాయంత్రాలు దానికి లేవు... కానీ పూర్తవగానే ఓడ మీద తన పేరు రాసేసుకుంటుంది, ఎవరినీ అడగకుండా.

మీరు చేసి, మీ ఇంట్లో ఇంకొకరి పేరు మీద చెలామణి అవుతున్నదేదైనా ఉందా? కింద రాయండి... మీ పేరుతోనే.